కోర్గీ మడమలు ఎందుకు పట్టుకుంటుంది? పెంపుడు కుక్క ప్రవర్తనను అర్థం చేసుకొని సరిదిద్దే మార్గాలు

పుదుచ్చేరి లాస్‌పేటలో ఒక ఇంటిని ఊహించుకుందాం. యానాం నుంచి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం అది. ఇంట్లో తల్లి, తండ్రి, నాయనమ్మ, ఆరేళ్ల పాప ఉన్నారు. ఏడాది వయసున్న పెంబ్రోక్ కోర్గీ కూడా ఉంది. సాయంత్రం బడి వ్యాను దిగిన పాప గేటు తోసుకొని లోపలికి పరుగెత్తుతుంది. కోర్గీ మొరుగుతూ వెనకాలే పరుగెత్తి ఆమె మడమను పళ్లతో పట్టుకుంటుంది. పాప కేకపెట్టి మరింత వేగంగా పరుగెత్తుతుంది. నాయనమ్మ కేకలు వేస్తుంది, తండ్రి చుట్టిన వార్తాపత్రికతో కుక్కను కొడతాడు. మరుసటి వారం అదే పత్రిక చేతికి తీసుకున్నప్పుడు కుక్క గుర్రుమంటుంది. ‘ఇది కరిచే కుక్క, ఎవరికైనా ఇచ్చేద్దాం’ అనే మాట ఆ రాత్రి భోజనాల దగ్గర మొదటిసారి వినబడుతుంది.

ఈ ఇల్లు కల్పితమే అయినా ఇందులోని సంఘటనలు కోర్గీలను పెంచే కుటుంబాలకు కొత్తవి కావు. వాటి వెనుక ఒక కారణం ఉంది. అది తెలిస్తే పాపకూ రక్షణ దొరుకుతుంది, కుక్కకూ ఇల్లు మిగులుతుంది.

పుట్టుకతో వచ్చిన వృత్తి

కోర్గీ స్వస్థలం బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం. వెల్ష్ భాషలో ‘కోర్’ అంటే మరుగుజ్జు, ‘కి’ అంటే కుక్క. ఈ రెండూ కలిసి కోర్గీ అయింది. వీటిలో పెంబ్రోక్, కార్డిగన్ అనే రెండు జాతులున్నాయి. బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ 1934లో వీటిని వేర్వేరు జాతులుగా గుర్తించింది. కార్డిగన్‌కు పొడవైన తోక ఉంటుంది. మన నగరాల్లో ఎక్కువగా కనిపించే పెంబ్రోక్ 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఉంటుంది. దాని తోక పుట్టుకతోనే పొట్టిగా ఉండవచ్చు, లేదా చిన్నప్పుడే కత్తిరించి ఉండవచ్చు.

ఇంత పొట్టి కుక్కను వేల్స్ రైతులు పశువులను తోలడానికి వాడారు. కదలని ఆవు వెనక్కి చేరి మడమ మీద చిన్నగా కొరికి, అది కాలు విసిరేలోపు నేలకు అణిగిపోవడం దాని పని. ఎత్తు తక్కువ కావడం వల్ల ఆవు తన్ను తలకు తగలదు. తనకన్నా ఎన్నో రెట్లు బరువున్న పశువును కదిలించాలంటే ధైర్యం, పట్టుదల, పెద్ద గొంతు కావాలి. యజమాని చెప్పేదాకా ఆగకుండా సొంతంగా నిర్ణయం తీసుకునే గుణమూ కావాలి. తరతరాలుగా ఈ గుణాలున్న కుక్కలనే ఎంచి పెంచారు.

తోడేలు వేటలో కొన్ని అంచెలుంటాయి. ఎరను చూడడం, వెంటాడడం, పట్టుకోవడం, చంపడం. మందను కాసే కుక్కల్లో మొదటి అంచెలు బలపడి, చివరి అంచె మరుగునపడేలా మనిషి ఎంపిక సాగింది. అందుకే కోర్గీ కదిలేదాన్ని వెంటాడుతుంది, మడమ పట్టుకుంటుంది, వెంటనే వదిలేస్తుంది. పాప పరుగు, కుర్రాడి సైకిలు, వీధిలో పోయే బండి దానికి మంద నుంచి తప్పిపోతున్న పశువులాగే తోస్తాయి.

పాప కేకపెట్టి మరింత వేగంగా పరుగెత్తినప్పుడు కుక్కకు కలిగేది భయం కాదు, పని నెరవేరిందన్న తృప్తి. ‘పట్టుకున్నాను, కదిలింది’ అన్నదే అది నేర్చుకునే పాఠం. మనం శిక్ష వేసేలోపే దానికి బహుమతి అందిపోయింది. మందలింపు పనిచేయకపోవడానికి మొదటి కారణం ఇదే.

రాజభవనంలోనూ ఇదే సమస్య

కోర్గీ అనగానే గుర్తొచ్చే పేరు బ్రిటన్ రాణి ఎలిజబెత్-2. ఆమె తండ్రి, ఆ తరువాత ఆరవ జార్జి రాజైన వ్యక్తి, 1933లో డూకీ అనే కోర్గీని ఇంటికి తెచ్చారు. 1944లో ఆమె 18వ పుట్టినరోజుకు సుసాన్ అనే కోర్గీ కానుకగా వచ్చింది. ఆ సంతతి నుంచి వచ్చినవాటితో కలిపి జీవితకాలంలో ఆమె 30కి పైగా కుక్కలను పెంచారు.

సేవకులకు, స్థలానికి, వైద్యానికి లోటు లేని ఆ భవనంలోనూ కోర్గీలు కరిచాయి. 1991లో విండ్సర్‌లో కొట్లాడుకుంటున్న కోర్గీలను విడదీయబోయిన రాణి ఎడమ చేతికి గాయమై మూడు కుట్లు పడ్డాయి. రాజకుటుంబం జంతు ప్రవర్తన నిపుణుడు రోజర్ మగ్‌ఫర్డ్ సలహా కూడా తీసుకుంది. సమస్య వచ్చిందంటే అది యజమాని అసమర్థత కాదని, నిపుణుడిని అడగడం నామోషీ కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఇందులో మరో పాఠం కూడా ఉంది. కొట్లాడుతున్న కుక్కల మధ్య చేయి పెట్టకూడదు. పెద్ద శబ్దం చేయడం, బకెట్టు నీళ్లు కుమ్మరించడం, మధ్యలో అట్టముక్కో బల్లో అడ్డుపెట్టడం క్షేమం.

ముందు పశువైద్యుడు, తరువాతే శిక్షణ

నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి గుర్రుమంటే, ముట్టుకోనివ్వకపోతే, మెట్లెక్కడానికి మొరాయిస్తే అది మొండితనం కాకపోవచ్చు. పొడవైన వెన్ను, పొట్టి కాళ్లు ఉన్న కోర్గీలకు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్ల జారే ప్రమాదం ఎక్కువ. ఒళ్లు పెరిగితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. చెవి పోటు, పంటి నొప్పి, చర్మం దురద కూడా కోపంగానే బయటపడతాయి. నొప్పిని శిక్షణతో మాన్పలేం.

పుదుచ్చేరి వాసులకు కురుంబపేటలోని రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధనా సంస్థ అందుబాటులో ఉంది. సొంత పశువైద్యుడున్నా, లేకున్నా ప్రవర్తనలో హఠాత్తు మార్పు కనిపిస్తే మొదట చేయించవలసింది శారీరక పరీక్ష.

వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. కోర్గీకి రెండు పొరల బొచ్చు ఉంటుంది. అది చల్లని, తడి కొండ ప్రాంతపు కుక్క. పుదుచ్చేరి తీరపు ఉక్కలో మధ్యాహ్నం బయటికి తీసుకువెళ్తే అది అలసి, చిరాకుపడి, వడదెబ్బకు గురికావచ్చు. వేడి భయంతో అసలు బయటికే తీసుకువెళ్లకపోతే ఖర్చుకాని శక్తి ఇంట్లో అల్లరిగా మారుతుంది. తెల్లవారుజామున, పొద్దుగుంకాక నడిపించడం మంచిది. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల కుక్క పాదాలకూ పనికిరాదు. ఎండ కోసమని బొచ్చు గొరిగించకూడదు. పై పొర బొచ్చు ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది.

గుర్రు అనేది హెచ్చరిక

‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెతను నమ్మడం ప్రమాదం. మొరుగుతున్న కుక్క దూరంగా ఉండమని చెబుతోంది. ఆ మాట వినకపోతే కరవవచ్చు. కుక్క అసౌకర్యం మెట్టుమెట్టుగా బయటపడుతుంది. తల పక్కకు తిప్పుకోవడం, పెదవులు నాకుకోవడం, నిద్ర రాకున్నా ఆవులించడం, ఒళ్లు బిగపట్టడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడడం తొలి సూచనలు. గుర్రు ఆ తరువాతి మెట్టు. కాటు చివరిది. పెంబ్రోక్‌కు ఊపి చూపడానికి తోక ఉండదు కాబట్టి దాని చెవులను, నోటిని, ఒంటి బిగువును మరింత జాగ్రత్తగా గమనించాలి.

గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేయవచ్చు. దాని భయం మాత్రం పోదు. హెచ్చరిక మాయమై కాటు మాత్రమే మిగులుతుంది. ‘ఏ సూచనా లేకుండా కరిచింది’ అని చెప్పే సందర్భాల్లో ఇలా సూచనలు అణచివేతకు గురైనవీ ఉంటాయి. గుర్రు వినబడితే చేస్తున్న పని ఆపి, కుక్కకు దూరం ఇచ్చి, కారణం వెతకాలి.

కుక్క ఇంటిపై పెత్తనం కోరుతోందని, దాన్ని నేలకు అదిమిపెట్టి లొంగదీయాలని కొందరు సలహా ఇస్తారు. ఈ ఆలోచనకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధంలో ఉన్న తోడేళ్ల మీద రాసిన పరిశీలన. ఈ భావనకు విస్తృత ప్రచారం తెచ్చిన పుస్తకాన్ని రాసిన శాస్త్రవేత్త డేవిడ్ మెచ్ తరువాత స్వయంగా దాన్ని సవరించుకున్నారు. అడవిలో తోడేళ్ల గుంపు చాలావరకు తల్లిదండ్రులు, పిల్లలు ఉన్న కుటుంబమేనని, పోరాడి గెలిచిన నాయకుడి సామ్రాజ్యం కాదని ఆయన వివరించారు. అదిమిపెడితే కుక్క నేర్చుకునేది గౌరవం కాదు, మనిషి చేతులంటే భయం.

నోటుపుస్తకంతో మొదలుపెట్టండి

‘ఎప్పుడూ మొరుగుతుంది’, ‘అందరినీ కరుస్తుంది’ అన్న మాటలతో పరిష్కారం దొరకదు. వారం రోజులపాటు ప్రతి సంఘటననూ రాసుకోవాలి. ఏ సమయం, దానికి ముందు ఏం జరిగింది, కుక్క ఏం చేసింది, తరువాత దానికి ఏం దక్కింది అన్న నాలుగు వివరాలు చాలు. వారం తిరిగేసరికి ఒక క్రమం బయటపడుతుంది. మడమ పట్టడమంతా సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్యనే జరుగుతోందనో, మొరగడమంతా కిటికీలోంచి వీధికుక్కలు కనబడినప్పుడేననో తెలుస్తుంది.

‘తరువాత ఏం దక్కింది’ అన్న ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. మొరిగినప్పుడు పాలవాడు వెళ్లిపోయాడు. అతడు ఎలాగూ వెళ్లేవాడే, కానీ తానే తరిమానని కుక్క అనుకుంటుంది. భోజనాల బల్ల దగ్గర మొరిగితే పది సార్లలో ఒకసారి నాయనమ్మ దోసె ముక్క విసిరింది. అప్పుడప్పుడు మాత్రమే దొరికే ఆ ముక్క రోజూ దొరికేదానికన్నా గట్టిగా అలవాటు చేస్తుంది. పేకాటలో అప్పుడప్పుడు వచ్చే గెలుపు మనిషిని కూర్చోబెట్టినట్టే ఇదీ. ముక్క వేయడం మానేసిన తొలి రోజుల్లో మొరుగుడు తగ్గకపోగా పెరుగుతుంది. అక్కడ ఓపిక నశించి మళ్లీ వేస్తే, ఇంకా గట్టిగా మొరగాలన్న పాఠం నేర్పినట్టవుతుంది. అందుకే ఇంటిల్లిపాదీ ఒక మాట మీద ఉండడం తప్పనిసరి.

పుదుచ్చేరి ఇళ్లలో దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. నాయనమ్మ ‘కూర్చో’ అంటుంది, పనిమనిషి తమిళంలో ‘ఉక్కారు’ అంటుంది, పాప ‘సిట్’ అంటుంది. కుక్కకు ఇవి మూడు వేర్వేరు శబ్దాలు. ఏ భాషైనా ఫరవాలేదు, ఒక పనికి ఒకే మాట ఉండాలి. అయిదారు మాటలను కాగితం మీద రాసి వంటగది తలుపుకు అంటిస్తే అందరికీ గుర్తుంటుంది.

మడమ పట్టడాన్ని మాన్పించే క్రమం

మొదటి మెట్టు అవకాశం ఇవ్వకపోవడం. ప్రతి కాటూ ఆ అలవాటుకు సాధన అవుతుంది. పాప వచ్చే వేళకు కుక్క చిన్న గేటు వెనుకో, పెద్దవారి చేతిలోని పట్టీతోనో ఉండాలి. ఇది శిక్ష కాదు. ఆ సమయంలో నమలడానికి ఏదైనా ఇస్తే గేటు వెనుక ఉండడం దానికి ఇష్టమైన పనే అవుతుంది.

రెండవ మెట్టు మారుపని నేర్పడం. ‘వద్దు’ అన్న మాట కుక్కకు ఏం చేయాలో చెప్పదు. పాప లేని ప్రశాంత సమయంలో ‘చాప’ అనగానే తన చాప మీదికి వెళ్లి కూర్చోవడం నేర్పాలి. కూర్చున్న క్షణంలోనే తాయిలం అందాలి. ఆలస్యమైతే అది దేనికి వచ్చిందో కుక్కకు తెలియదు. ఒక్కో పాఠం మూడు నిమిషాలకు మించనక్కర్లేదు, రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. ఉప్పు, కారం లేని ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, క్యారెట్ ముక్కలు శనగ గింజంత పరిమాణంలో సరిపోతాయి. వాటిని రోజువారీ తిండిలోంచి తగ్గించాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషం.

మూడవ మెట్టు కదలికను కొద్దికొద్దిగా అలవాటు చేయడం. పెద్దవారు పట్టీ పట్టుకొని ఉండగా పాప దూరంలో నెమ్మదిగా నడవాలి. కుక్క చూసి కూడా చాప మీదే ఉంటే తాయిలం. తరువాత వేగంగా నడక, ఆపైన చిన్న పరుగు, చివరికి దగ్గరలో పరుగు. ఒకేసారి వేగాన్నీ, సామీప్యాన్నీ పెంచకూడదు. కుక్క తప్పితే కొట్టనక్కర్లేదు, ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. ఇది రోజుల్లో కాదు, వారాల్లో జరిగే పని.

నాలుగవది పాపకు నేర్పవలసిన పాఠం. కుక్క వెంటపడితే పరుగెత్తకుండా, కేకపెట్టకుండా, చేతులు కట్టుకొని చెట్టులా నిలబడాలి. కదలని పశువును తోలడంలో కోర్గీకి ఆసక్తి త్వరగా తగ్గుతుంది. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు కుక్క దగ్గరికి వెళ్లకూడదు. ఏమైనా పెద్దవారి కనుసన్నల్లో లేకుండా చిన్న పిల్లలనూ, కుక్కనూ ఒకచోట వదలకూడదు. ఎంత మంచి కుక్కైనా ఈ నియమానికి మినహాయింపు లేదు.

పని లేని కుక్క సొంతంగా పని వెతుక్కుంటుంది

తోలే స్వభావాన్ని తుడిచివేయలేం, దారి మళ్లించగలం. రోజుకు రెండు పూటలా కలిపి సుమారు గంట నడక ఆరోగ్యవంతమైన పెద్ద కోర్గీకి అవసరం. లాస్‌పేట హెలిప్యాడ్ మైదానంలో తెల్లవారుజామున నడిచేవారితో పాటు కుక్కనూ నడిపించవచ్చు, పట్టీ మాత్రం విడవకూడదు. నడకలో వాసన చూడనివ్వడం కుక్క మెదడుకు మంచి వ్యాయామం. ఇంట్లో తిండిని గిన్నెలో పోసేయకుండా పాత తువ్వాలు మడతల్లో దాచి వెతికించవచ్చు. బంతిని ముక్కుతో నెట్టడం, విసిరినది తేవడం కోర్గీకి పశువులను తోలడానికి దగ్గరి ఆటలు. వెన్నుకు హాని కాబట్టి ఎత్తునుంచి దూకించే ఆటలు వద్దు.

విశ్రాంతి కూడా అంతే అవసరం. పిల్లకుక్కలు రోజులో 18 గంటల దాకా నిద్రపోతాయి. సాయంత్రం చేతులు కొరుకుతూ గిరగిరా తిరిగే పిల్లకు చాలాసార్లు కావలసింది ఇంకో ఆట కాదు, చీకటి గదిలో నిద్ర. మూడున్నర నెలల నుంచి ఆరేడు నెలల దాకా పళ్లు మారే కాలం. అప్పుడు చల్లని క్యారెట్టో, రబ్బరు బొమ్మో ఇవ్వాలి.

గుమ్మం దగ్గర గంట మోగితే మొరిగే కుక్కకు ‘చాప’ పాఠమే పనికొస్తుంది. గంట శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసి, సన్నగా వినిపిస్తూ చాప మీదికి పంపి తాయిలం ఇవ్వాలి. రోజులు గడిచేకొద్దీ శబ్దం పెంచాలి. వీధికి ఎదురుగా ఉన్న కిటికీ కింది భాగానికి తెర వేస్తే సగం మొరుగుడు ఆ రోజే తగ్గవచ్చు.

తిండి గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క నోట్లోది లాక్కోకూడదు. దూరం నుంచి అంతకన్నా రుచైనది విసిరి వెళ్లిపోతుంటే, మనిషి రాక నష్టం కాదు, లాభమని అది గ్రహిస్తుంది. దీపావళి టపాసులకు వణికే కుక్కది అవిధేయత కాదు, భయం. ఆ రాత్రి లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను వేసి, పక్కన ఒకరు కూర్చోవాలి. దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందన్నది అపోహ. భయం తీవ్రమైతే పండుగకు చాలా రోజుల ముందే పశువైద్యుడిని అడిగి మందు రాయించుకోవాలి.

కాటు పడితే

పెంపుడు కుక్క కాటైనా, చిన్న గీతైనా ఉపేక్షించకూడదు. గాయాన్ని వెంటనే ధారగా పోసే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా, అవసరమైతే ఇమ్యూనోగ్లోబ్యులిన్ విషయం వైద్యుడే నిర్ణయిస్తారు. కుక్కను పది రోజులు గమనించాలి, కానీ ఆ పది రోజులు చూశాక చికిత్స మొదలుపెడదామని ఆగకూడదు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కుక్కకు మూడు నెలల వయసులో తొలి రేబిస్ టీకా, తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం మళ్లీ మళ్లీ వేయించి కార్డు భద్రపరచాలి.

చర్మం చీలేలా కరిచినా, పదేపదే కరిచినా, పిల్లలవైపు బిగుసుకొని చూస్తున్నా ఇంటి చిట్కాలతో ఆగకుండా పశువైద్యుడి ద్వారా ప్రవర్తన నిపుణుడి సహాయం తీసుకోవాలి. ఆలోగా నోటికి బుట్ట లాంటి కవచం అలవాటు చేయడం అందరికీ రక్షణ.

తెచ్చుకునే ముందు, వదిలేసే ముందు

కుక్కపిల్లకు మూడు వారాల నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా లోకాన్ని పరిచయం చేసుకునే కాలం. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం దీని ప్రాముఖ్యాన్ని చాటింది. ఆ వయసులో పిల్లలు, ముసలివారు, గొడుగులు, హెల్మెట్లు, బండ్ల శబ్దాలు మెల్లగా పరిచయమైతే పెద్దయ్యాక భయం తక్కువ. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం రెండు నెలలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య గడిపే ఆ కాలంలోనే పిల్ల తన కాటు బలాన్ని అదుపుచేసుకోవడం మొదలుపెడుతుంది.

ఎంత ప్రయత్నించినా ఆ ఇంటికి ఆ కుక్క కుదరకపోవచ్చు. అప్పుడు దాని అలవాట్లను దాచకుండా చెప్పి, చిన్న పిల్లలు లేని, సమయం ఉన్న ఇంటికి అప్పగించడం తప్పు కాదు. రాత్రివేళ ఊరి చివర విడిచిరావడం తప్పు, నేరం కూడా. తగిన కారణం లేకుండా ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద శిక్షార్హం. ఆ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలే. జరిమానా చిన్నదైనా, ఇంటి తిండికి అలవాటుపడిన కోర్గీ వీధికుక్కల మధ్య, మే నెల ఎండలో ఎన్ని రోజులు బతుకుతుందన్న ప్రశ్న చిన్నది కాదు.

కుక్క తోక వంకర అని మనం తేలికగా అనేస్తాం. స్వభావం మారదన్నంతవరకు ఆ మాటలో కొంత నిజం ఉంది. కోర్గీ ఎప్పటికీ మందను తోలే కుక్కే. కానీ అది దేన్ని తోలాలి, ఎప్పుడు ఆగాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నవి నేర్పగలిగినవే. లాస్‌పేట ఇంటి నోటుపుస్తకంలో మొదటి వారం తొమ్మిది సంఘటనలు నమోదయ్యాయనుకుంటే, ఆరవ వారానికి అవి రెండుకు తగ్గినా దారి సరైనదే. పాప గేటు తీసి నడిచి లోపలికి వస్తుంది. కోర్గీ చాప మీద కూర్చొని, చెవులు నిక్కబొడుచుకొని, తనకు రావలసిన క్యారెట్ ముక్క కోసం ఎదురుచూస్తుంది.